అడ్రసు అచ్చేసి ఉన్న చెత్త

మీ ఇంటి ముందు మురుక్కాలవలో ఇరుక్కున్న చిప్స్ ప్యాకెట్ ఒకటి బయటికి లాగి, కడిగి చూడండి. కంపెనీ పేరు ఉంటుంది. ఫ్యాక్టరీ అడ్రసు ఉంటుంది. లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు, తయారైన తేదీ, ఫిర్యాదు చెయ్యడానికి ఫోన్ నంబరు, అన్నీ ఉంటాయి. తన యజమాని ఎవరో ఇంత స్పష్టంగా ఒంటి మీద రాసుకున్న చెత్త ఇది. అయినా కాలవ పొంగిన ప్రతిసారీ మనం "ఎవడు పారేశాడు?" అనే అడుగుతాం. ఎవడు తయారుచేశాడని అడగం.

మీ జవాబు నాకు తెలుసు. మన జనానికి బుద్ధి లేదంటారు. సింగపూర్ వెళ్ళొచ్చిన చుట్టం చెప్పిన రోడ్ల సంగతి తెస్తారు. ఆ వాదన మీది కాదు, మీకు అంటగట్టింది. 1953లో అమెరికాలో డబ్బాల కంపెనీలూ సీసాల కంపెనీలూ కూడి 'కీప్ అమెరికా బ్యూటిఫుల్' అనే సంస్థ పెట్టాయి. వాపసు తీసుకోని బీరు సీసాల అమ్మకాన్ని వెర్మాంట్ రాష్ట్రం నిషేధించిన సంవత్సరం కూడా అదే. 1971లో ఆ సంస్థ టీవీలో ఒక ప్రకటన వేసింది. రోడ్డు పక్కన చెత్త చూసి ఒక ఆదివాసి కన్నీరు కారుస్తాడు. ఆ వేషం కట్టిన నటుడు ఇటలీ నుంచి వలస వచ్చిన కుటుంబంలో పుట్టినవాడు. కన్నీరు దొంగది, అది చెప్పిన నీతి ఇంకా దొంగది: తప్పు పారేసినవాడిదే, తయారుచేసినవాడి ఊసే లేదు. ఆ నీతినే ఇప్పుడు మన మున్సిపాలిటీలు గోడల మీద రంగులేసి రాయిస్తున్నాయి. ఆ గోడ కింద మీరూ నేనూ నిలబడి పక్కింటివాణ్ణి తిట్టుకుంటున్నాం.

రీసైక్లింగ్ ఉందిగా అంటారా? పాత సామాన్ల కొట్టు ముందు ఒక అరగంట నిలబడండి. తెల్లవారుజామునే వీధులు తిరిగి చిత్తు ఏరుకొచ్చిన మనిషి బస్తా గుమ్మరిస్తుంది. నీళ్ళ సీసాలు ఒక పక్క, అట్టలు ఒక పక్క, పాల కవర్లు ఒక పక్క. పాల కవరు మొత్తం ఒకే రకం ప్లాస్టిక్, కరిగించి మళ్ళీ వాడొచ్చు. కాబట్టి కాటా ఎక్కుతుంది, చేతికి డబ్బులొస్తాయి. చిప్స్ ప్యాకెట్ చేతికి తగలగానే మాత్రం నలిపి, ఆ గరగర చప్పుడు విని అవతల పారేస్తుంది. ఒక పొర ప్లాస్టిక్, ఒక పొర అల్యూమినియం పూత, లోపల ఇంకో పొర ప్లాస్టిక్, అన్నీ కలిపి అతికించేశారు. విడదియ్యడానికయ్యే ఖర్చు దాని విలువకు ఎన్నో రెట్లు. శాంపూ ప్యాకెట్టూ అంతే, దాని మూలన కత్తిరించిన ముక్కయితే వేళ్ళకే దొరకదు. ఈ దేశంలో నిజంగా రీసైక్లింగ్ జరుగుతోందంటే ఆ ఆడమనిషి వల్ల. ఆమెకు చేతి తొడుగులు కూడా లేవు. ఆమె వద్దన్న సరుకును ఏ శక్తీ రీసైకిల్ చెయ్యదని ఆ ప్యాకెట్ డిజైన్ చేసిన ఇంజనీరుకు మొదటి రోజునే తెలుసు. తెలిసే చేశాడు.

ప్రభుత్వానికీ తెలుసు. 2016లో తెచ్చిన ప్లాస్టిక్ వ్యర్థాల నిబంధనల్లో ఒక మంచి వాక్యం ఉండేది. రీసైకిల్ చెయ్యడానికి వీలుకాని బహుళ పొరల ప్లాస్టిక్‌ను రెండేళ్ళలో పూర్తిగా మానెయ్యాలని. రెండేళ్ళు గడిచాయి. 2018 మార్చిలో ఏమైంది? ఆ ప్లాస్టిక్ మాయం కాలేదు, ఆ వాక్యమే మారిపోయింది. రీసైకిల్‌కు పనికిరాకపోయినా కాల్చి వేడి పుట్టించగలిగితే చాలు, ఇంకెందుకైనా వాడగలిగితే చాలు, ఉండనివ్వొచ్చన్నారు. ఈ భూమ్మీద కాలని ప్లాస్టిక్ ఏదో చూపించండి! గడువు ముంచుకొచ్చినప్పుడు కంపెనీ మారలేదు, చట్టం మారింది. మీ కరెంటు బిల్లు గడువు దాటితే ఎవరైనా చట్టం మార్చారా?

అదే ప్రభుత్వం 2022 జూలై 1 నుంచి స్ట్రాలు, ప్లాస్టిక్ చెంచాలు, గ్లాసులు, పళ్ళేలు నిషేధించింది. దాడులు ఎవరి మీద జరిగాయి? కొబ్బరిబోండాల బండి మీద, టిఫిన్ బండి మీద, కూరగాయలమ్మే ముసలమ్మ పల్చటి కవర్ల మీద. టీవీ ప్రకటనల్లో సినిమా హీరోలు ఊపుతూ కనపడే ప్యాకెట్ల జోలికి ఒక్క అధికారీ పోలేదు. గుట్కానూ పాన్ మసాలానూ ప్లాస్టిక్ పొట్లాల్లో అమ్మకూడదని 2011 నుంచీ రూలుంది. మీ వీధి పాన్ డబ్బాకు తోరణాల్లా వేలాడుతున్నవేమిటో వెళ్ళి చూడండి.

ఇక కంపెనీల బాధ్యత. దానికో పేరుంది, ఈపీఆర్. ఎంత ప్లాస్టిక్ మార్కెట్లోకి వదిలావో అంత వెనక్కి తీసుకోవాలి. కాగితం మీద గొప్ప చట్టం. ఆచరణలో కంపెనీవాడు బస్తా పట్టుకుని రోడ్డెక్కనక్కర్లేదు, రీసైక్లింగ్ చేశామనేవాడి దగ్గర సర్టిఫికెట్ కొనుక్కుంటే చాలు. 2023లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి తనిఖీ చేస్తే నాలుగంటే నాలుగు సంస్థల దగ్గరే దాదాపు 6 లక్షల దొంగ సర్టిఫికెట్లు బయటపడ్డాయి. కరిగించని ప్లాస్టిక్‌ను కరిగించామని రాసుకున్నారు. అలాంటి ప్లాస్టిక్ ఎక్కడుంటుంది? 2012లో పుట్టపర్తి నుంచి మూగజీవాలను కాపాడే కరుణ సొసైటీ సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది, పదుల కిలోల ప్లాస్టిక్ ఆవుల కడుపుల్లో ఉందని చెప్పడానికి. హైదరాబాద్ జవహర్‌నగర్ చెత్త గుట్టలో ఉంది. ఆ గుట్ట నుంచి కారిన నల్లటి ఊట మల్కారం చెరువును చంపేసింది. ఆ చుట్టుపక్కల బోరు నీళ్ళను ఒక గ్లాసు పట్టి, సర్టిఫికెట్ల మీద సంతకాలు పెట్టినవాళ్ళ బల్ల మీద పెట్టాలి. తాగమనాలి.

"చిన్న ప్యాకెట్ పేదవాడి కోసం" అని కంపెనీలు గుండెలు బాదుకుంటాయి. సిగ్గుండాలి. రోజుకూలీ దగ్గర ఒకేసారి సీసా కొనే డబ్బు ఉండదన్నది నిజం. అందుకని అతని పేదరికాన్ని ప్యాకెట్లుగా కోసి అమ్ముకుని, ఆ ప్యాకెట్లను అతని గుడిసె పక్కనే గుట్టగా పోసి, అది అతనికి చేసిన మేలంటారా? కిరాణా కొట్లో నూనె విడిగా కొలిచి పోసిన రోజుల్లో పేదవాడు నూనె కొనలేదా? గాజు సీసాలో డ్రింకు తాగి, ఖాళీ సీసా కొట్లో ఇచ్చి డిపాజిట్ వెనక్కి తీసుకున్న తరం ఇంకా బతికే ఉంది. ఆ పద్ధతి జనం మానలేదు. కంపెనీ మానింది, సీసా వెనక్కి మోసుకెళ్ళే లారీ ఖర్చు మిగులుతుందని.

కుదరదు అనేవాళ్ళు నీలగిరి కొండలెక్కి చూడండి. అడవిలో పగిలిన మద్యం సీసాలు ఏనుగుల కాళ్ళు కోస్తున్నాయని మద్రాస్ హైకోర్టు కన్నెర్ర చేస్తే, 2022లో తమిళనాడు ప్రభుత్వ మద్యం దుకాణాలు సీసాకు 10 రూపాయలు అదనంగా తీసుకుని, ఖాళీ సీసా తెస్తే తిరిగివ్వడం మొదలెట్టాయి. అమ్మిన సీసాల్లో అత్యధిక భాగం వెనక్కి వచ్చాయి. బుద్ధి లేదని మీరు తిట్టే తాగుబోతులే తెచ్చి ఇచ్చారు! పది రూపాయలకు వచ్చిన బుద్ధి పదివేల గోడ రాతలకు రాలేదు.

మరి మన దగ్గర డబ్బు ఎవరినడిగారు? 2021లో ఆంధ్రప్రదేశ్ పట్టణాల్లో చెత్త పన్ను వేశారు, ఇంటింటి మీదా. జనం మండిపడ్డారు, 2024లో వచ్చిన ప్రభుత్వం రద్దు చేసింది. వేసినవాళ్ళూ ఎత్తేసినవాళ్ళూ అసెంబ్లీలో గొంతులు చించుకున్నారు. ఆ చెత్త మీద పేర్లు అచ్చేసుకున్న కంపెనీల దగ్గర వసూలు చేద్దామని ఎవరైనా గట్టిగా పట్టుబట్టారా?

మీ ఎమ్మెల్యేకు ఓటు వేసింది మీరు. ఈసారి ఆయన చీపురు పట్టుకుని ఫోటో దిగడానికి మీ వీధికొచ్చినప్పుడు కాలవలోంచి తీసిన ఆ ప్యాకెట్‌ను చేతిలో పెట్టండి. దాని మీది పేరు పైకి చదవమనండి. ప్రతి ప్యాకెట్ మీదా డిపాజిట్ పెట్టించు, ఖాళీ ప్యాకెట్‌ను కొన్న కొట్లోనే కంపెనీ ఖర్చుతో వెనక్కి తీసుకునేలా చెయ్యి, లేదా ఆ ప్యాకెట్ అమ్మకాన్ని ఆపించు అని మొహం మీద అడగండి. అడిగే దమ్ము లేదా? అయితే ఇంకెప్పుడూ పక్కింటివాణ్ణి తిట్టకండి.