నిన్న పోటీ... నేడు పొత్తు!

న్యూయార్క్ నుంచి షికాగోకి వెళ్లాలంటే ఒకప్పుడు రెండు రైలు కంపెనీలు పోటీపడేవి. ఒకటి పెన్సిల్వేనియా రైల్‌రోడ్, రెండోది న్యూయార్క్ సెంట్రల్. తరాల వైరం! అలాంటివి 1957లో విలీనం మాటెత్తేసరికి అందరూ ముక్కున వేలేసుకున్నారు.

కారణం లేకపోలేదు. కొత్త హైవేల మీద లారీలు సరకుని, ఆకాశంలో విమానాలు ప్రయాణికుల్ని ఎగరేసుకుపోయాయి. అవే ఊళ్ల మధ్య రెండేసి లైన్లు, రెండేసి యార్డులు... ఆదాయం తగ్గినా ఖర్చు తగ్గదు. కలిసిపోతే ఒకదాన్ని మూసేసి డబ్బు మిగుల్చుకోవచ్చనుకున్నారు.

అనుమతులన్నీ దాటుకుని 1968 ఫిబ్రవరి 1న 'పెన్ సెంట్రల్' పుట్టింది. కానీ కలిసింది పేర్లే! అటు అధికారులకూ ఇటు కంప్యూటర్లకూ పొసగలేదు. వ్యాగన్లు యార్డుల్లో దారితప్పాయి. ఉద్యోగాలు తీసేయబోమని యూనియన్లకు మాటిచ్చారు కాబట్టి అనుకున్న పొదుపూ దక్కలేదు. 1970 జూన్ 21న దివాలా... అప్పటికి అమెరికాలో అదే అతిపెద్దది. చివరికి 1976లో ప్రభుత్వమే 'కాన్‌రైల్' పెట్టి రైళ్లు నడపాల్సి వచ్చింది.

కొసమెరుపేంటంటే... 1999లో కాన్‌రైల్‌నీ రెండు కంపెనీలు పంచుకున్నాయి. సెంట్రల్ లైన్లు చాలావరకూ సీఎస్ఎక్స్‌కి, పెన్సిల్వేనియావి నార్‌ఫోక్ సదరన్‌కి. మళ్లీ రెండు దారులు, మళ్లీ పోటీ!