మొలకల తగవుకు లెక్క ఉండాది

తలుపుల పక్క చెనక్కాయ విత్తే కాలం వస్తే ఏటా ఇదే తగవు. రైతేమో "విత్తనం మొలవలేదు" అంటాడు. ఇచ్చినోళ్లేమో "అన్నీ మొలుస్తాయా? నీ నేల అట్లుంది, వాన అట్లుంది" అంటారు. నోరు పెద్దగా ఉన్నోళ్లదే గెలుపు. నష్టం మాత్రం రైతుకే.

ధ్రువీకరించిన చెనక్కాయ విత్తనానికి చట్టం ప్రకారం కనీస మొలక 70 శాతం. మన కదిరి పరిశోధన కేంద్రంలో పుట్టిన కదిరి-6కైనా ఇదే నియమం. అట్లని 100 గింజలు తడి గోనెపట్టలో పెడితే కచ్చితంగా 70 మొలవాలని లేదు. మరి ఎంత తేడా మామూలు?

100ని 0.7తో, మళ్లా 0.3తో గుణించండి. 21 వస్తాది. దాని వర్గమూలం సుమారు 4.6, రెండింతలు చేస్తే 9. అంటే 61 నుంచి 79 దాకా మామూలే. 20 సార్లు పెడితే సుమారు 19 సార్లు ఇందులోనే పడతాది. కాబట్టి 63 మొలిస్తే సంచిని తప్పుపట్టలేం. 55 మొలిస్తే మాత్రం "నీ ఖర్మ" అంటే ఒప్పుకోవద్దు.

గింజలు పెరిగితే సాకులు తగ్గుతాయి. ప్రయోగశాలల్లో 400 పెట్టేది అందుకే. అప్పుడు మామూలు 262 నుంచి 298. అదే 63 శాతం, అంటే 252 మొలిస్తే తప్పు విత్తనానిదే.

తమ్ముళ్లూ, విత్తకముందే సంచి పైన, నడుమ, అడుగు నుంచి గింజలు తీసి, నలుగురి ముందర పరీక్ష పెట్టండి. అప్పుడు నేల మీద, వాన మీద నెట్టేదానికి లేదు. ట్యాగు, బిల్లు, మొలకల లెక్క చేతబట్టుకోని వ్యవసాయాధికారిని అడగండి.