అచ్చు గుద్దినట్టు ఎందుకుండాలి?

రెండు వస్తువుల మధ్య తేడా లేకపోతే "అచ్చు గుద్దినట్టుంది" అంటాం. కానీ మూడో తరగతి పిల్లల చేతికి ఒక బెండకాయ ముక్క, కాస్త రంగు ఇచ్చి చూడండి. పది అచ్చులు వేస్తే పదీ పది రకాలుగా వస్తాయి. నేను ఎం.ఎఫ్.ఏ.లో ప్రింట్‌మేకింగ్ చదువుతున్నాను. సెలవుల్లో మన హాస్టల్ చిన్న తమ్ముళ్ళతో కొన్ని ఆదివారాలు ఈ పని చేశాక ఒక మాట గట్టిగా చెప్పాలనిపించింది. పిల్లలతో అచ్చులు వేయించేటప్పుడు ముందుగా నమూనా చూపించకూడదు.

మన పిల్లలకు నమూనాలు ఇప్పటికే ఎక్కువయ్యాయి. బోర్డు మీదిది నోటుబుక్కులోకి, గైడులోది పరీక్ష పేపరులోకి ఎక్కించడమే మనకు అలవాటైన చదువు. డ్రాయింగ్ అంటే కొబ్బరిచెట్టు, గుడిసె, రెండు కొండల మధ్య సూర్యుడు. గీత కుదరనివాడు "నాకు రాదన్నా" అని చేతులు కట్టుకు కూర్చుంటాడు. అద్దడానికి ఆ భయం లేదు.

గంజిని కాచి చిక్కబరిచి పొడి రంగు కలిపాం. పళ్ళెంలో తడి స్పాంజి పెట్టి దానిమీద పోశాం. కత్తి మాత్రం పెద్దవాళ్ళ చేతిలోనే ఉండాలి. బెండకాయను అడ్డంగా కోస్తే పువ్వు, అరటి మట్టను కోస్తే తేనెపట్టు లాంటి గళ్ళు. రావి ఆకుకు నున్నటి వైపు రంగు పూస్తే మచ్చలా పడుతుంది, వెనకవైపు పూస్తే ఈనెలన్నీ తేలతాయి. ఇది నేను చెప్పలేదు. ఒక నాలుగో తరగతి తమ్ముడు ఆకు తిరగేసి కనిపెట్టి గదంతా చాటాడు. ఇంకొకడు అట్టముక్క మీద దారంతో తన పేరులోని మొదటి అక్షరం అంటించి అద్దితే తిరగబడి వచ్చింది. "అన్నా, తప్పొచ్చింది" అన్నాడు. ఎందుకొచ్చిందో చూడమన్నాను. అరగంట తర్వాత అద్దం ముక్క తెచ్చి అచ్చు పక్కన పెట్టుకున్నాడు. ముందే చెప్పేస్తే ఆ అరగంట వాడికి దక్కేది కాదు.

"ఇష్టమొచ్చినట్టు వదిలేస్తే పనితనం ఎప్పుడొస్తుంది?" అని ఒక సీనియర్ అడిగారు. న్యాయమైన ప్రశ్నే. పెడనలో కలంకారీ అద్దకం పనివారు ఒక్కో రంగుకు ఒక్కో చెక్క అచ్చు వాడతారు. అచ్చు కాస్త జరిగినా గుడ్డ పాడవుతుంది. అది ఏళ్ళ సాధన, బతుకుతెరువు. ఎనిమిదేళ్ళ పిల్లవాడికి ఆ కచ్చితత్వాన్ని ఆజ్ఞగా ఇస్తే విసుగొస్తుంది. ఎర్ర పువ్వు మధ్యలోనే పసుపు చుక్క పడాలని వాడికే అనిపించిన రోజున కాగితం మూలకు గుర్తు వాడే పెట్టుకుంటాడు. వియన్నాలో ఫ్రాంజ్ చిజెక్ 1897లో పిల్లల కోసం కళా తరగతి తెరిచినప్పుడూ పిల్లల ఊహకే పెద్దపీట వేశాడు. వాళ్ళు లినోలియం చెక్కి వేసిన అచ్చులు ఇతర దేశాల దాకా వెళ్ళాయి.

ఇంకో మాట. మా ఇంట్లో అచ్చు అంటే వేలిముద్రే. కూలి మస్టరులో, బ్యాంకు కాగితం మీద అమ్మానాన్నలు ఇప్పటికీ బొటనవేలే అద్దుతారు. "వేలిముద్రగాళ్ళు" అన్న మాట మనలో చాలామంది ఇళ్ళవాళ్ళు పడ్డదే. డిగ్రీ దాకా వచ్చిన మొదటివాడు మళ్ళీ వేళ్ళకు రంగు పూసుకునే చదువుకు పోయాడని ఊళ్ళో నవ్వారు. (నాకూ నవ్వొచ్చింది.) మావాళ్ళు ఎవరో వేలు పెట్టి చూపించిన చోట అద్దారు. ఈ పిల్లలు ఎక్కడ అద్దాలో, ఎన్నిసార్లు అద్దాలో తామే తేల్చుకుంటున్నారు.

వార్షికోత్సవానికి పెద్దవాళ్ళు చార్టులు గీసి కింద చిన్నవాళ్ళ పేర్లు రాయడం ఇక మానేద్దాం. మరకలతో సహా వాళ్ళ అచ్చులే గోడకు పెడదాం. వార్డెన్ గారు ఆదివారం ఒక గంట ఇవ్వాలి. పూర్వ విద్యార్థులు పొడి రంగులకూ, కాగితాలకూ కాస్త డబ్బు సర్దాలి. గంజి ఎలాగూ వంటగదిలో ఉంది.