టైడా పిల్లలకు కావలసిన ఇంగ్లిష్

కొత్తవలస–కిరండూల్ రైలుమార్గంలోని టైడా, దాని చుట్టుపక్కల అనంతగిరి కొండల్లో ఇంట్లో కువి గానీ ఆదివాసీ ఒడియా గానీ మాట్లాడే పిల్లలున్నారు. బడిలో వారికి తెలుగు, పైచదువుకు ఇంగ్లిష్. పర్యాటకులతో నాలుగు మాటలాడే ఇంగ్లిష్ వేరు, ప్రశ్నపత్రం ‘ఎనలైజ్’, ‘జస్టిఫై’ అన్నప్పుడు అక్కరకొచ్చేది వేరు. జవాబు తెలిసీ, ప్రశ్న అంతుపట్టక మార్కులు పోగొట్టుకోవడం అన్యాయం.

ఇలాంటి చదువు పదాలు లెక్కలేనన్ని కావు. న్యూజిలాండ్ పరిశోధకురాలు ఎవెరిల్ కాక్స్‌హెడ్ 2000లో ప్రచురించిన అలాంటి పదాల జాబితాలో ఉన్నవి 570 పదకుటుంబాలే (ఒక మూలపదం, దాని రూపాలు కలిపి ఒక కుటుంబం). రకరకాల శాస్త్రాల పుస్తకాల్లో పదేపదే తగిలేవి అవే. అయితే జాబితాను బట్టీ పట్టిస్తే ఒరిగేదేమీ లేదు. సిల్వర్ ఓక్ నీడన కాఫీ, ఆ చెట్టుకే పాకిన మిరియాల తీగ ఈ పిల్లలు రోజూ చూసేవే. నీడ తగ్గితే కాఫీ మొక్క ఏమవుతుందో ముందు ఇంటి భాషలో చెప్పించాలి, తర్వాత తెలుగులో, ఆపై ఇంగ్లిష్‌లో నాలుగు వాక్యాలు రాయించాలి. ‘ఫ్యాక్టర్’, ‘వేరీ’, ‘కాన్సీక్వెన్స్’ అక్కడే అవసరపడతాయి. అలా వచ్చిన మాటను పిల్లలు మరచిపోరు.

ఇంటి భాషతో చదువు మొదలుపెట్టడం కొత్తేమీ కాదు. సవర ఆదివాసుల చదువు కోసం గిడుగు రామమూర్తి ముందు తానే సవర నేర్చుకున్నారు. 1938లో ఆయన సవర–ఇంగ్లిష్ నిఘంటువు అచ్చయింది. తర్వాతి కాలంలో ప్రాథమిక తరగతులకు కువి వంటి భాషల్లో వాచకాలూ వచ్చాయి. ఆ పని హైస్కూలు దాకా సాగాలి. ఆశ్రమ పాఠశాలల ప్రతి తరగతి గదిలో మంచి ఇంగ్లిష్–తెలుగు నిఘంటువును, బీరువాలో కాదు, పిల్లల చేతికందేచోట ఈ విద్యా సంవత్సరమే ఉంచాలి.