కాన్పు గదిలోకి తల్లిని రానివ్వండి

మా ఊళ్లో ఎవరు నెల తప్పినా ముందు నాకే తెలుస్తుంది. ఆశా కార్యకర్తగా పేరు రాసుకునేదీ, రక్తపరీక్షకు పీహెచ్‌సీకి తీసుకెళ్లేదీ, ఐరన్ మాత్రలు వేసుకుంటోందో లేదో కనుక్కునేదీ నేనే. నొప్పులు మొదలైతే బండికి ఫోన్ చేసి వెంట వెళ్తాను. దారి పొడవునా ఆ పిల్ల నా చెయ్యి వదలదు. కాన్పు గది తలుపు దగ్గర మాత్రం విడిపించుకోక తప్పదు. నేనూ, ఆమె తల్లీ వరండాలోనే ఆగిపోవాలి.

తలుపు మూసినా మాటలు వినబడతాయి. "అరవకు, నోర్మూసుకో." "మొగుడి దగ్గర పడుకున్నప్పుడు లేని నొప్పి ఇప్పుడొచ్చిందా?" ఈ రెండో మాట నేను ఒకటికి మించిన ఆసుపత్రుల్లో విన్నాను. తొడ మీద కొట్టారని, కడుపు మీద మోచేత్తో నొక్కారని, మత్తు పట్టలేదన్నా కుట్లు వేశారని బాలింతలు ఇంటికొచ్చాక చెబుతారు. అదీ అత్త పక్కన లేనప్పుడు, నేను అడిగితేనే. బిడ్డను దించడానికి కడుపు మీద నొక్కొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లోనే చెప్పింది. ఇక తిట్లతో ఏ కాన్పూ తేలిక కాదు.

ఒకమ్మాయి రెండోసారి గర్భంతో ఉన్నప్పుడు నాతో అంది: "అక్కా, ఈసారి ప్రైవేటుకే పోతా. కోసినా సరే, ఆ గదిలోకి మాత్రం పోను." భర్త హమాలీ. అప్పు తెచ్చి ఆపరేషన్ చేయించారు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడతలో తెలంగాణలో నూటికి 60 కాన్పులు సిజేరియన్లే అని తేలింది. కారణాలు చాలా ఉన్నాయి. ఆ అమ్మాయి చెప్పిన భయం వాటిలో ఒకటని నాకు తెలుసు.

సర్కారు ఆసుపత్రుల్లో కాన్పు సమయంలో ఒక తోడు మనిషిని ఉండనివ్వడానికి కేంద్ర ఆరోగ్య శాఖ 2016లోనే అనుమతి ఇచ్చింది. ఆమె స్వయంగా పిల్లల్ని కన్న ఆడమనిషై ఉండాలి, శుభ్రమైన బట్టలు కట్టుకోవాలి, వైద్యానికి అడ్డు రాకూడదు. కాన్పు గదుల్ని మెరుగుపరచడానికి మరుసటి ఏడాది వచ్చిన 'లక్ష్య' కార్యక్రమంలోనూ తోడు, మర్యాద, చాటు ఉండాలని స్పష్టంగా ఉంది. అయినా తలుపు తెరుచుకోదు. అడిగితే, పక్క బల్ల మీద ఇంకొకామె ఉంది కదా అంటారు. బల్లకూ బల్లకూ మధ్య ఒక తెర కట్టడం అంత కష్టమా?

రాత్రి డ్యూటీలో ఒక్క సిస్టర్ నొప్పులు పడుతున్న ఇద్దరు ముగ్గురి మధ్య పరుగులు పెట్టడం నేను చూశాను. ఆమె అలసట నిజం. అందుకే చెబుతున్నా, నడుము రుద్దడానికి, గుక్కెడు నీళ్లు పట్టడానికి, "అయిపోవచ్చింది బిడ్డా" అనడానికి తల్లి పక్కనుంటే సిస్టర్‌కూ సాయమే. తోడున్న చోట నొప్పులు పడే సమయం తగ్గుతుందని, మామూలు కాన్పులు పెరుగుతాయని పరిశోధనలూ తేల్చాయి. పైగా కన్నతల్లి చూస్తుండగా ఆ బూతు మాట అనడానికి నోరు రాదు.

మీ ఇంట్లో నెలలు నిండిన అమ్మాయి ఉంటే ఆఖరి చెకప్ రోజునే అడగండి, లోపల తోడుగా ఎవరిని ఉండనిస్తారని. కుదరదంటే 2016 నాటి అనుమతి గుర్తుచేసి, సూపరింటెండెంట్‌కు కాగితం మీద రాసివ్వండి.