ఎత్తవలసిన బరువు ఎంత?

"ఆచార్యులుగారూ, మావాడు ఇంట్లో వ్యాయామానికి డంబెల్స్ కొంటానంటున్నాడు. ఎన్ని కిలోలవి కొనమంటారు?" అని ఒక తల్లి ఈమధ్య నన్ను అడిగారు. నేను సమాధానం చెప్పేలోపే ఆమె అత్తగారు అందుకుని, "వాడి సంగతి అలా ఉంచండి నాయనా, నాకు పీట మీదనుంచి లేవడమే గగనమైపోయింది. ఏదైనా లేహ్యం ఇవ్వండి" అన్నారు. ఇవి రెండూ వేరువేరు ప్రశ్నలని వారి అభిప్రాయం. రెండింటికీ సమాధానం ఒకటేనని నా అభిప్రాయం. అయితే ఈ అభిప్రాయానికి రావడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది.

గురుకులంలో ఉన్న రోజుల్లో మా గురువుగారు ఉదయం పాఠానికి ముందు మాచేత కర్లాకట్ట తిప్పించేవారు. గోడకు చిన్నవీ పెద్దవీ ఆరు కట్టలు ఆనించి ఉండేవి. వయసు ఉడుకులో నేను మొదటిరోజే పెద్దదాన్ని పట్టుకున్నాను. ఆయన వారించలేదు. మరునాడు నా భుజం పైకి లేవలేదు. అప్పుడు అన్నిటికంటె చిన్న కట్టను నా చేతికిచ్చి, "రేపు కూడా ఎత్తగలిగినదే నీ బరువు" అన్నారు. డంబెల్ కొనబోయే వారికి ఇంతకు మించిన సలహా నాకు ఇప్పటికీ తెలియదు.

వ్యాయామం అర్ధశక్తితో చేయాలని మన శాస్త్రం. శ్వాస వేగమై నోటితో గాలి పీల్చవలసి వచ్చినప్పుడు సగం బలం ఖర్చయినట్లు గుర్తించమని సుశ్రుతుడు చెప్పాడు. నుదుట, చంకలలో చెమట పట్టడం, నోరు ఆరడం కూడా గుర్తులేనని పెద్దల మాట. దీనిని డంబెల్స్‌కు నేను ఇలా అన్వయిస్తాను. ఒక బరువును పట్టు సడలకుండా, నడుము వంచకుండా, ఊపు సాయం తీసుకోకుండా 10 నుంచి 12 సార్లు ఎత్తగలగాలి. చివరి రెండుసార్లు కష్టం తెలియాలి. ఆపేసిన తర్వాత కూడా మరో రెండుసార్లు ఎత్తే ఓపిక మిగలాలి. 8 సార్లకే చేయి వణికితే ఆ బరువు మీకు ఎక్కువ. 15 సార్లు ఎత్తినా ఏమీ అనిపించకపోతే తక్కువ.

ఒక్క బరువుతో అన్ని వ్యాయామాలూ చేయాలనుకోవడం పొరపాటు. చేతులు పక్కలకు చాచి ఎత్తడానికి చిన్న కండరాలే ఆధారం. అక్కడ 2 కిలోలే భారం కావచ్చు. అదే మనిషి డంబెల్‌ను ఛాతీకి ఆనించుకుని బస్కీలు తీస్తే 5 కిలోలు కూడా చాలకపోవచ్చు. కనుక ఒకే పెద్ద జత కొనడం కంటె రెండు మూడు చిన్న జతలు కొనడం, లేదా బిళ్లలు మార్చుకునే రకం కొనడం మేలు. అసలు కొనే ముందే లీటరు నీళ్ల సీసాను చేతపట్టి చూడండి. అది దాదాపు 1 కిలో.

బరువు పెంచడంలోనూ లెక్క ఉంది. 10 కిలోల నుంచి 11కు పోతే పెరిగేది పదో వంతు. 2 నుంచి 3కు పోతే పెరిగేది సగం. చూపుకు రెండూ ఒక్క కిలోయే. భుజానికి మాత్రం ఒకటి కాదు. కాబట్టి చిన్న బరువులు ఎత్తేవారు ముందు 12 సార్లను 15కు పెంచుకుని, అది సుఖంగా సాగిన తర్వాతే పై బరువుకు పోవాలి.

ఇక ఆ అత్తగారి విషయం. వృద్ధులు వ్యాయామం మానాలని వాగ్భటుడు చెప్పాడు. ఆ మాట పట్టుకుని నేను చాలాకాలం డెబ్బై దాటినవారికి తైలమర్దనం, మెల్లని నడక తప్ప మరేమీ చెప్పలేదు. ఒక విశ్రాంత ఉపాధ్యాయుడికి "నీళ్ల బకెట్ కూడా ముట్టకండి" అని చెప్పింది నేనే. ఆయన నా మాట తు.చ. తప్పక పాటించారు. రెండేళ్లలో తొడలు సన్నబడ్డాయి. ఒకనాడు గడప దగ్గర తూలిపడి తుంటి ఎముక విరిగింది. ఆ పతనానికి నా సలహాయే కారణమని నిరూపించలేను. కాదని నన్ను నేను సమాధానపరచుకోనూ లేను.

ఆ తర్వాత సుశ్రుతుణ్ణి మళ్లీ చదివాను. వయస్సు, బలం, శరీరం, దేశం, కాలం, ఆహారం చూసి వ్యాయామం చేయమంటాడాయన. వ్యాయామం చేసేవానిపై ముసలితనం హఠాత్తుగా వచ్చి పడదనీ అంటాడు. వయస్సును చూడమన్నాడంటే మానమని కాదు, తగినంత చేయమని. 1990లో అమెరికాలో ప్రచురితమైన ఒక అధ్యయనంలో, సగటున 90 ఏళ్ల వయసున్న కొద్దిమంది వృద్ధులు 8 వారాలు బరువులతో సాధన చేయగా వారి కాళ్ల బలం రెట్టింపుకు మించి పెరిగింది. వారానికి కనీసం రెండు రోజులు కండరాలకు బలమిచ్చే వ్యాయామం పెద్దవారికి కూడా అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించింది. వాగ్భటుని మాటను నేను నేడు శక్తికి మించిన వ్యాయామానికి హెచ్చరికగా మాత్రమే గ్రహిస్తున్నాను. నా తోటి వైద్యులలో కొందరు దీనికి ఒప్పుకోరు. వారిపై గౌరవముంచే ఈ మాట రాస్తున్నాను.

కొన్ని జాగ్రత్తలు తప్పవు. ఎత్తేటప్పుడు శ్వాస బిగబట్టరాదు. బిగబడితే రక్తపోటు అమాంతం పెరుగుతుంది. ఎత్తుతూ వదలాలి, దించుతూ పీల్చాలి. ఒకే కండరానికి వరుసగా రెండు రోజులు పని చెప్పరాదు. గుండెజబ్బు, అదుపులో లేని రక్తపోటు, గిలక ఉన్నవారు, ఇటీవల కంటి శస్త్రచికిత్స అయినవారు, గర్భిణులు తమ వైద్యుని అడగకుండా మొదలుపెట్టరాదు. అజీర్ణంగా ఉన్ననాడు మానాలి. మన ఎండాకాలంలో బరువు ఒక మెట్టు తగ్గించాలి. పప్పు, పాలు, పెరుగు, నెయ్యి తగినంత లేని భోజనంతో బరువులెత్తితే కండ పెరగదు, ఒళ్లు శోషిస్తుంది.

ఆ ఇంటివారికి చివరికి చెప్పింది ఇది: 1, 2, 4 కిలోల జతలు కొనండి. మనవడు 4తో మొదలుపెట్టి తనకు సరిపోతుందో లేదో లెక్కపెట్టి చూసుకుంటాడు. మామ్మగారు మొదటి నెల వట్టి చేతులతోనే గోడకు ఆనించిన కుర్చీలో కూర్చుని లేవాలి. రెండో నెల చేతిలో 1 కిలో పట్టుకోవాలి. లేహ్యం కూడా ఇచ్చాను. అయితే పీట మీదనుంచి లేపేది లేహ్యం కాదని, ఆమె తొడలేనని చెప్పి మరీ ఇచ్చాను.