పులికి బలం, మేకకు బలగం

పులిమేక ఆటలో పులులు 3, మేకలు 15. పులి మేక మీంచి దూకి చంపగలదు, మేక దేన్నీ చంపలేదు. అయినా పాయకరావుపేట అరుగుల దగ్గర్నుంచి రాయలసీమ రచ్చబండల దాకా ఈ ఆట తరతరాలుగా నిలబడింది. సుద్దముక్కతో గీసిన పటం, మేకలకు చింతపిక్కలు, పులులకు గులకరాళ్లు ఉంటే చాలు. మేకల బలమల్లా గుంపుగా దారులు మూసి పులిని కదలకుండా చేయడంలో ఉంది. మేకలన్నీ పటమ్మీదికి దిగేదాకా ఏ మేకనూ జరపకూడదన్న షరతు ఆ గుంపుకు కళ్లెం. ఆ షరతు ఎత్తేస్తే పులులు తేలిగ్గా బందీ అవుతాయి. మేకల్ని సగానికి తగ్గిస్తే పులికి ఎదురే ఉండదు.

నేపాల్‌లో ఈ కోవకే చెందిన బాఘ్‌చాల్ ఆటలో పులులు 4, మేకలు 20. లిమ్ యూ జిన్, యుర్గ్ నీవర్‌గెల్ట్ అనే పరిశోధకులు దాన్ని కంప్యూటర్‌తో తుదికంటా లెక్కగట్టారు. ఇరుపక్షాలూ పొరపాటు లేకుండా ఆడితే ఆట డ్రా అవుతుందని 2009లో అచ్చయిన పత్రంలో తేల్చారు. పోలికే లేని రెండు పక్షాలు లెక్కకు సరిగ్గా సరితూగాయన్నమాట. కంప్యూటర్ ఊసే లేని రోజుల్లో జనం ఆడుతూ ఆడుతూ కుదుర్చుకున్న నిబంధనలివి.

పోలిక లేని పాత్రలను సరితూచడమనే ఇదే చిక్కుతో అమెరికాలో ఒక ఆట అర్ధశతాబ్దంగా కుస్తీ పడుతోంది. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ 1974లో తెచ్చిన డంజన్స్ అండ్ డ్రాగన్స్‌లో నలుగురైదుగురు బల్ల చుట్టూ కూర్చుంటారు. డంజన్ మాస్టర్ అనే ఒకరు కథ నడుపుతారు. మిగతావాళ్లు తలా ఒక పాత్ర ఎంచుకుని, ఏం చేస్తారో నోటితో చెప్పి, పాచిక వేసి ఫలితం తేల్చుకుంటారు. పాత్రల్లోని రకాలను క్లాసులంటారు. మొదట్లో ఉన్నవి మూడే: యోధుడు, మాంత్రికుడు, పూజారి. మరుసటి ఏడు దొంగ వచ్చి చేరాడు.

చందమామ చదివి పెరిగినవాళ్లకు ఈ ప్రపంచం పరాయిది కాదు. 1954లో ‘తోకచుక్క’తో మొదలుపెట్టి దాసరి సుబ్రహ్మణ్యం రాసిన సీరియళ్లలో మాంత్రికులు, రాక్షసులు, శిథిల నగరాలు కొల్లలు. ‘రాతిరథం’, ‘యక్షపర్వతం’ కథల్లో ఖడ్గవర్మది కత్తి, జీవదత్తుడిది మంత్రదండం. ఇద్దరూ కలిసే నడుస్తారు. అయితే కథలో ఎవరికి ఎప్పుడు పని పెట్టాలో రచయిత చూసుకుంటాడు. ఆటలో ఆ బాధ్యత నిబంధనలది.

ఆ నిబంధనలు ఎక్కడ జారతాయో ఒక్క పోరు చూస్తే తెలుస్తుంది. 2014 నాటి అయిదో ఎడిషన్ ప్రకారం యోధుడు, మాంత్రికుడు ఇద్దరూ ఎదుగుదలలో అయిదో మెట్టు మీద, అంటే అయిదో లెవెల్లో ఉన్నారనుకుందాం. గదిలో గాబ్లిన్లనే పొట్టి రాక్షసులు నలుగురు, ఒక్కొక్కరికి 7 ప్రాణాంకాలు, అంటే అంత దెబ్బ తగిలితే కూలిపోతారు. యోధుడు తన వంతులో రెండుసార్లు కత్తితో కొడతాడు. పాచిక బాగా పడితే ఇద్దరు కూలుతారు. మాంత్రికుడు అగ్నిగోళం విసురుతాడు. ఆరు ముఖాల పాచికలు 8 వేసి కూడాలి, సగటున 28 వస్తుంది. తప్పించుకున్నవాడికీ అందులో సగం దెబ్బ తగులుతుంది. దాదాపు ప్రతిసారీ నలుగురూ బూడిదే. యోధుడి పాత్ర తీసుకున్న కుర్రాడు అప్పుడు ఫోన్ చేతిలోకి తీసుకుంటాడు.

నిబంధనల్లో దీనికి విరుగుడు లేకపోలేదు. ఆ మాంత్రికుడికి అంతటి మంత్రాలు రోజుకు రెండే. కాసేపు కూర్చుని సేదదీరితే ఇంకొకటి దక్కుతుంది. యోధుడి కత్తికి అలాంటి లెక్క లేదు. రోజుకు ఆరు నుంచి ఎనిమిది గండాలు ఎదురయ్యేలా కథ నడపాలని అప్పటి డంజన్ మాస్టర్ గైడు లెక్క వేసింది. అలా నడిస్తే మూడో గండం దాటేసరికి మాంత్రికుడి జోలె ఖాళీ అవుతుంది, కత్తి విలువ తెలిసొస్తుంది. కానీ ఇళ్లలో ఆట అలా సాగదు. ఆదివారం మధ్యాహ్నం మూడు గంటలు దొరికితే ఒక పోరు, మహా అయితే రెండు. తర్వాత పాత్రలన్నీ పడుకుంటాయి, మంత్రాలన్నీ తిరిగొస్తాయి. పుస్తకంలో కుదిరిన తూకం బల్ల మీద తప్పిపోయేది ఇక్కడే. తప్పు మాంత్రికుడి బలానిది కాదు, ఆ బలానికి కట్టాల్సిన మూల్యం వసూలు కాకపోవడానిది.

మహాభారతంలో ఆ మూల్యం వసూలైంది. కవచకుండలాలు ఇచ్చుకుంటే కర్ణుడికి ఇంద్రుడి శక్తి దక్కింది, అదీ ఒక్కసారి వాడుకోవడానికే. అర్జునుడి కోసం దాచుకున్న ఆ ఆయుధాన్ని రాత్రిపూట రెచ్చిపోయిన ఘటోత్కచుడి మీద ప్రయోగించక తప్పలేదు. ఆ ఒక్క పరిమితే యుద్ధం దిశ మార్చింది.

అమెరికా ఆట ఈ తూకం కోసం చాలా దారులు తొక్కింది. 1978 నాటి పుస్తకంలో రెండో లెవెల్‌కు ఎక్కడానికి దొంగకు 1,250 అనుభవాంకాలు దాటితే చాలు, మాంత్రికుడికి 2,500 దాటాలి. 2000లో వచ్చిన మూడో ఎడిషన్ అందరికీ ఒకటే పట్టిక పెట్టింది, పై లెవెళ్లలో మంత్రాలు తెలిసినవాళ్లు అందనంత ఎత్తుకు వెళ్లిపోయారు. దానికి విరుగుడుగా 2008లో నాలుగో ఎడిషన్ యోధుడికీ మాంత్రికుడికీ ఒకే మూసలో శక్తులు పంచింది: కొన్ని ఎప్పుడంటే అప్పుడు, కొన్ని పోరుకొకసారి, కొన్ని రోజుకొకసారి. లెక్క కుదిరింది. కానీ ఏ పాత్ర తీసుకున్నా ఒకేలా ఉందని చాలామంది పెదవి విరిచారు. పులికీ మేకకూ ఒకే నడక ఇచ్చేస్తే పులిమేక మిగలదు. ఆరేళ్లకే వచ్చిన అయిదో ఎడిషన్ మళ్లీ పాత్రల మధ్య తేడాలు పెంచింది. 2024 సవరణలో యోధులకు ఆయుధాన్ని బట్టి ప్రత్యేక నైపుణ్యాలు చేర్చారు. కత్తి పట్టినవాడికి ఎంపికలు పెంచిన ఆ మార్పు సరైన దారి.

ఇంకో రకం తూకం కూడా ఉండేది, అది పోవడమే మంచిదయింది. 1978 పుస్తకం మరుగుజ్జులు, ఎల్ఫ్‌లు వంటి జాతుల పాత్రలు చాలా క్లాసుల్లో ఇంతకు మించి ఎదగకూడదని హద్దు గీసింది. మానవ స్త్రీ పాత్ర బలానికి పురుషుడి కంటే తక్కువ పరిమితి పెట్టింది. స్త్రీల మీది పరిమితి 1989 ఎడిషన్‌లో పోయింది, జాతి హద్దు 2000లో పోయింది. 2024 పుస్తకంలో మొదటి సామర్థ్యాల పెంపు కూడా పుట్టిన జాతిని బట్టి కాక, పెరిగిన నేపథ్యాన్ని బట్టి వస్తుంది. పుట్టుకను బట్టి మనిషి పనిని, ఎదుగుదలను కొలిచిన సమాజంలో పిల్లలకు ఆట రాసేవాళ్లు ఈ చరిత్రను తప్పకుండా చదవాలి. జాలరి పాత్రను ఎవరైనా ఎంచుకోగలగాలి, జాలరి ఇంట పుట్టిన పాత్ర మాంత్రికుడూ కాగలగాలి.

జాలరి ప్రస్తావన ఊరికే రాలేదు. పాయకరావుపేట మండలంలో పెంటకోట లాంటి సముద్రతీర గ్రామాలున్నాయి. తాండవ నది దాటితే తుని. ఈ ప్రాంతాన్ని ఆధారం చేసుకుని తెలుగులో ఒక ఆట రాస్తే పడవ నడిపేవాడు, గాలి వాటం చూసి తుపాను పసిగట్టేవాడు మంచి పాత్ర. అయితే కథ కొండల్లోకి వెళ్లిన రోజున అతను ఏం చేయాలి? అయిదో ఎడిషన్‌లో రేంజర్ అనే వనసంచారి క్లాసుకు సరిగ్గా ఈ కష్టమే వచ్చింది. అడవి, ఎడారి లాంటి వాటిలో ఏదో ఒక నేలను ఎంచుకుంటే అక్కడ అతనికి తిరుగుండదు, ఆ నేల దాటితే ఆ నైపుణ్యం అక్కరకు రాదు. విమర్శలు వచ్చాక 2020లో ప్రత్యామ్నాయ నిబంధనలు ఇచ్చారు. జాలరికి సముద్రంతో పాటు వల, ముడి, తాడు కూడా ఆయుధాలైతే కొండ మీదా అతని చేతికి పని ఉంటుంది. మీద పడుతున్న రాక్షసుణ్ని ఒక వంతు పాటు వలలో బిగించి ఉంచగలిగితే యోధుడి కత్తికి, మాంత్రికుడి మంత్రానికి అదే ఆసరా.

అలాంటి ఆట రాయడానికి చట్టపరమైన అడ్డేమీ లేదు. 2023 జనవరిలో అయిదో ఎడిషన్ మూల నిబంధనల పత్రాన్ని క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద విడుదల చేశారు. మూలాన్ని పేర్కొంటే చాలు, ఎవరైనా దాన్ని అనువదించుకోవచ్చు, మార్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు కూడా. ఇంగ్లిషులోని మూడు లావుపాటి పుస్తకాలు కొని చదవగల నగరాల పిల్లలకే ఈ ఆట పరిమితం కావడం అన్యాయం. నలుగురి మధ్య కూర్చుని, ఫోన్ పక్కన పెట్టి, తెలుగులో ఆలోచించి, తెలుగులో బేరమాడి, తెలుగులో కథ అల్లే అవకాశం చిన్న పట్టణాల పిల్లలకూ దక్కాలి. ఆ పుస్తకం రావాలంటే ప్రచురణకర్తలు, ఉపాధ్యాయులు, ఆట తెలిసిన యువ ఇంజినీర్లు చేయి కలపాలి.

మొదటి పుస్తకానికి పన్నెండు క్లాసులు అక్కర్లేదు, నాలుగు చాలు. మూడో లెవెల్‌తో ఆపేసినా ఫర్వాలేదు, మాంత్రికుడు చేయి దాటిపోయేది ఆ పైనే. రోజుకు ఎనిమిది గండాలన్న లెక్క వదిలేసి, ఒక్క మధ్యాహ్నంలో జరిగే రెండు పోరులకు సరిపడేలా మంత్రాల సంఖ్య కుదించాలి. అచ్చు వేయకముందే వేసవి సెలవుల్లో ఏదైనా గ్రంథాలయంలో పిల్లల చేత ఆడించాలి. ఎవరు ఎంత దెబ్బ కొట్టారన్నది అప్పుడు ముఖ్యం కాదు. ఏ పాత్ర తీసుకున్న పిల్ల వరుసగా మూడు వంతులు ఊరికే కూర్చుందో ఒక పక్కన రాసుకుని, ముందు ఆ పాత్ర నిబంధనలు తిరగరాయాలి.